బొగ్గు గనిలో భద్రత మేనేజర్ ఒక్కడి బాధ్యతేనా?

కాదు. చట్టం ముందు జవాబు చెప్పాల్సిన వాళ్లలో మేనేజర్ ముఖ్యుడే అయినా, సింగరేణి లాంటి భూగర్భ గనుల్లో రోజువారీ భద్రత ఎక్కువగా నిలబడేది పని స్థలాన్ని దగ్గరుండి చూసుకునే మైనింగ్ సర్దార్, అతని పైన ఉండే ఓవర్‌మెన్‌ల మీదే. షిఫ్టు మొదలయ్యే ముందే సర్దార్ పని స్థలమంతా తిరిగి చూడాలి. పైకప్పును కర్రతో తట్టి వింటాడు. డొల్లగా మోగితే పొర విడిపోయినట్టే. అక్కడ బోల్టులు, సపోర్టులు వేసేదాకా ఎవరినీ పంపకూడదు. గాలిలో మీథేన్ (మండి పేలే వాయువు) 1.25 శాతానికి చేరితే కరెంటు ఆపేసి, అందరినీ బయటికి పంపాలి. ఉత్పత్తి టార్గెట్ టెన్షన్ ఎంతున్నా ఇందులో రాజీ ఉండకూడదు.

2017 బొగ్గు గనుల నిబంధనలు ప్రతి గనికీ భద్రతా నిర్వహణ ప్రణాళికను తప్పనిసరి చేశాయి. ప్రమాదం జరిగాక విచారించడం కాకుండా, ముందే ముప్పు గుర్తించి ఎవరు, ఎప్పటిలోగా సరిచేయాలో రాసిపెట్టడమే దాని ఉద్దేశం. నా అభిప్రాయంలో, బాయిలో దిగే కార్మికులను కూర్చోబెట్టి రాయని ప్రణాళిక ఫైలుకే పరిమితం. వీటన్నిటిపై ప్రభుత్వం తరఫున తనిఖీకి ధన్‌బాద్ కేంద్రంగా గనుల భద్రతా డైరెక్టరేట్ జనరల్ ఉంది. కార్మికుల తరఫున తనిఖీ చేసే వర్క్‌మెన్ ఇన్‌స్పెక్టర్, గని స్థాయి సేఫ్టీ కమిటీ కూడా ఉంటాయి. పైకప్పు మీద అనుమానం వస్తే వెంటనే సర్దార్‌కు, ఆపై ఈ ఇన్‌స్పెక్టర్‌కో కమిటీకో చెప్పండి.