మా బాపు చెవులతోని చూసిన సినిమాలు

ఈమధ్య చూసిన సినిమాలల్ల మంచియి ఏవో, ఏం చూడాల్నో చెప్పుమని అడిగిండ్రు గదా. నేను చూసినయి నాలుగైదే. వాటిని గూడ సగం చూసిన, సగం మా బాపుకు చెప్పుకుంట కూసున్న. అందుకని నా జవాబు కొంచెం వంకర పోతది, ముందే చెప్తున్న.

ఎండకాలం సెలవుల్ల బాపుకు కుడికంటికి శుక్లం ఆపరేషన్ అయింది. ఊర్ల ఉంటే పొలం కాడికి పోకుండ ఆగడు, దుమ్ముల తిరుగుతడు. అందుకే పరకాల దిక్కున్న మా ఊరి నుంచి హన్మకొండకు, మా ఇంటికే తెచ్చుకున్న. డాక్టర్ నల్లద్దాలిచ్చిండు. రోజుకు ఆరుసార్లు చుక్కలు పొయ్యాలన్నడు, తలకు నీళ్లు పోసుకోవద్దన్నడు. టీవీ సంగతి అడిగితే "చూడొచ్చు గని కన్ను గుంజితే ఆపెయ్యాలె" అన్నడు. మా బాపు దాన్ని ఎట్ల అర్థం చేసుకున్నడంటే, టీవీ ముంగట కూసోవచ్చు గని చూడొద్దని. నల్లద్దాలు పెట్టుకోని, లోపట కండ్లు గూడ మూసుకోని, దివాన్ మీద గోడకు ఒరిగి వినేటోడు. "ఏం సప్పుడది?", "ఎవలొచ్చిండ్రు?", "ఎందుకేడుస్తాంది?" ఇయ్యే ఆయన ప్రశ్నలు. మా బిడ్డ ఇంటర్ సెకండియర్. కామెంటరీ చెప్పుడు దాని డ్యూటీ.

మొదలు పెట్టింది 'కోర్ట్'. 2025 మార్చిల థియేటర్లకు వచ్చి, నెల తిరక్కముందే నెట్‌ఫ్లిక్స్‌ల పడ్డది. రామ్ జగదీశ్ అనే దర్శకుని మొదటి సినిమా. కథ 2013ల, విశాఖపట్నంల జరుగుతది. పందొమ్మిదేండ్ల పిలగాడు, పదిహేడేండ్ల పిల్ల, పిల్ల తరఫు పెద్దమనిషి పెట్టించిన పోక్సో కేసు, అంటే పిల్లల మీద లైంగిక దాడులకు పెట్టే కేసు. ఆ పెద్దమనిషి పేరు మంగపతి, శివాజీ చేసిండు. ఇంతకంటె కథ చెప్ప.

రాత్రి బువ్వ తిన్నంక పెట్టినం. ఉడకబెట్టిన పల్లికాయ గిన్నె నడుమల ఉన్నది. మా బిడ్డ ఒలిచి తాత చేతుల పెడుతాంది. తెర మీద మంగపతి, ఇంట్ల ఆడోళ్లు ఎట్ల మెదలాల్నో, పరువంటె ఏందో చెప్పుకుంట పోతాండు. బాపు తల ఊపుతాండు. రెండుసార్లు ఊపిండు. మూడోసారి నోరు తెరిచిండు.

"మంచిగనే చెప్తాండు గదా. ఎవలాయన?"

బిడ్డ చేతుల పల్లికాయ ఆగింది. "తాతా, విలన్ ఆయనే."

"విలనా? గొంతు అట్ల లేదు గద. ఇంటి పెద్ద తీర్గ ఉన్నది."

నాకు నవ్వొచ్చింది, మల్ల రాలే. కండ్లున్నోళ్లం మేము శివాజీ మొఖం చూసి, ఆ చూపు చూసి, వెనుకకెల్లి వచ్చే మ్యూజిక్ విని ఎప్పుడో తేల్చుకున్నం, వీడు మంచోడు కాదని. బాపుకు ఆ సౌలతు లేదు. ఆయనకు అందింది ఒట్టి మాటలే. ఆ మాటలు ఆయన పుట్టినప్పటి నుంచి విన్నయే, అన్నయే.

దాని తర్వాత శానాసేపు ప్రశ్నల్లేవు. నిద్రపోయిండనుకున్న. కోర్టుల వాదనలు నడుస్తాంటే లేచి కూసున్నడు.

"ఆ పిలగానికి ఎన్నేండ్లు?"

"పందొమ్మిది తాతా."

"పిల్లకు?"

"పదిహేడు. నా అంత."

కొంచెంసేపు ఆగి, నా దిక్కు మొఖం తిప్పి, "నీకప్పుడు గంతే గదా బిడ్డా" అన్నడు.

ఏందంటె, నేను ఇంటర్ చదివేటప్పుడు నా కెమిస్ట్రీ నోట్స్‌ల ఒక ఉత్తరం దొరికింది బాపుకు. అది నాది గాదు. నోట్స్ రాసుకుంటనని తీస్కపోయిన నా దోస్తుది, అండ్ల పెట్టి మర్చిపోయింది. ఎవలిదని బాపు అడగలే. నేను గూడ చెప్పలే, చెప్తే దాని చదువు బందయితది. నాది ఇరవై రెండు రోజులు బందయింది. రోజూ పొద్దుగాల పరకాల బస్సు మా ఇంటి ముంగటికెల్లి హారన్ కొట్టుకుంట పోయేది. నేను వాకిట్ల ముగ్గేసుకుంట వినేదాన్ని. ఆఖరికి మా చిన్నమ్మ అడ్డంపడి పంపించింది. ఆ సంగతి మల్ల ఎవలం ఎత్తలే. నాకు నౌకరొచ్చింది, పెండ్లయింది, బిడ్డ పుట్టింది, ఆ బిడ్డకు పదిహేడేండ్లొచ్చినయి. ఇన్నేండ్లల్ల మొదటిసారి బాపు నోట్లె నుంచి దాని గురించి వచ్చిన మాట అదొక్కటే.

నేనేమనలే. "మంచినీళ్లు తే" అన్నడు. తెచ్చిచ్చిన. గ్లాసు అందుకునేటప్పుడు ఆయన చెయ్యి నా చెయ్యి మీద కొంచెంసేపు ఉన్నది. నల్లద్దాలాయె, గ్లాసు ఎక్కడున్నదో తెల్వకపోయుండొచ్చు.

అందుకని 'కోర్ట్' చూడుండ్రి. ఒక్కలు ఫోన్ల గాదు, ఇంట్ల పెద్దమనుషులను కూసోబెట్టుకోని చూడుండ్రి. నాకు ఒక్కటే పేచీ. పోక్సో చట్టం 2012ల వచ్చింది. పద్దెనిమిదేండ్లు నిండని పిల్ల ఒప్పుకున్నా ఆ ఒప్పుకోలు దాంట్ల చెల్లది. సినిమా ఆ ముడి మీదనే నిలబడ్డది. చూసినోళ్లు కొందరు "ఆ చట్టమే దండుగ" అనుకుంట తిరుగుతాండ్రు. నేను బడిల పంతులమ్మను. అట్లాంటి చట్టం ఒకటున్నదని తెలిస్తేనే నోరు తెరిచే పిల్లలుంటరు. తప్పుడు కేసు పెట్టినోన్ని తిట్టుండ్రి, చట్టాన్ని గాదు.

మధ్యల ఇంకో బాధ చెప్పుకోవాలె. ఈ సినిమాలోళ్లు ఇండ్లల్ల మనుషులు పండుకుంటరని మర్చిపోయిండ్రా? మాటలేమో గుసగుస, ఫైటేమో బాంబు. మాట వినబడాల్నని సౌండ్ పెంచుతం, అంతల్నే డప్పులు మొదలైతయి, పక్కింటోళ్లు గోడ కొడుతరు. రెండున్నర గంటలు రిమోట్ చేతుల పట్టుకోనే కూసోవాలె. చెవులతోని చూసే మనిషి ఇంట్ల ఉంటే గని ఈ అన్యాయం తెల్వది. థియేటర్ సంగతి ఎత్తనే ఎత్తొద్దు. పోయినసారి పెద్ద మాల్‌ల మేము ముగ్గురం పోతే, టికెట్ల కంటె పాప్‌కార్న్‌కు ఎక్కువైంది. ఇంటికెల్లి తీస్కపోయిన మక్క ప్యాలాలు గేటు కాన్నే గుంజుకున్నరు. నేను మాల్‌కు ఏమన్న బాంబు తీస్కపోయిన్నా?

సరే. రెండో రోజు '35'. 2024ల వచ్చింది, తిరుపతి కథ. లెక్కలల్ల ఎప్పుడూ సున్నా తెచ్చుకునే పిలగాడు. వాని ప్రశ్న ఏందంటె, సున్నాకు విలువే లేనప్పుడు ఒకటి పక్కన పెడితే పది ఎట్లయితది? సారు దగ్గర జవాబు లేదు, దెబ్బ ఉన్నది. నివేదా థామస్ తల్లిగ చేసింది, దానికే గద్దర్ అవార్డులల్ల ఉత్తమ నటి ఇచ్చిండ్రు. ఆ లెక్కల సారు నోరు తెరవంగనే బాపు "నిన్నటి లాయర్ పిలగాడు గాదె?" అన్నడు. అవును, 'కోర్ట్'ల లాయర్‌గ చేసిన ప్రియదర్శే. లెక్కల సార్లు ఈ సినిమా చూస్తే గని ఇంక్రిమెంట్ ఇయ్యద్దని నా అభిప్రాయం. నేను చెప్పేది తెలుగు గనుక బతికిపోయిన. కాదు, నేను గూడ ఒక పోరగాన్ని ఏడాదంత ఆఖరి బెంచీల కూసోబెట్టిన. సినిమా అయిపోయినంక వాడే యాదికొచ్చిండు.

మూడోది 'మల్లేశం', 2019ది. పాతదే గని చూడనోళ్లు మస్తుమంది ఉన్నరు. చింతకింది మల్లేశం నిజం మనిషి, ఆలేరు దిక్కు నేతకాని ఇంట్ల పుట్టిండు. కాజీపేటల సికింద్రాబాద్ రైలెక్కితే జనగాం దాటినంక ఆలేరే వస్తది. ఆయన తల్లి లక్ష్మి ఆసు పోసేది. ఒక్క చీరకు దారాన్ని మేకుల మీద చుట్టుకుంట చెయ్యి తొమ్మిది వేలసార్లు ఇటు అటు తిప్పాలె. భుజాలు పోతయి. అది చూడలేక కొడుకు మిషన్ తయారుచేసిండు, దానికి తల్లి పేరే పెట్టిండు. 2017ల పద్మశ్రీ వచ్చింది. మల్లేశంగ చేసింది ఎవలు? మల్ల ప్రియదర్శే. బాపు పడి పడి నవ్విండు. "గీ పిలగాడు తప్ప ఇంకెవలు దొరకరా వీళ్లకు?"

నవ్విండు గని, మల్ల ఒక మాటన్నడు, నేను అసలు చెప్పాల్ననుకున్నది అదే. "గీడు మాట్లాడుతాండు. గా పక్కోడు యాస కొడుతాండు."

కండ్లు మూసుకోని వింటే ఇది ఎంత కచ్చితంగ తెలుస్తదో చెప్పలేను. మన భాషను ఏండ్ల తరబడి రౌడీ పక్కన ఉండేటోనికి, నవ్వించేటోనికి ఇచ్చిండ్రు. ఇప్పుడు రోజులు మారినయి, హీరోకు గూడ ఇస్తాండ్రు. మంచిదే. కానీ మస్తుమంది ఏం చేస్తాండ్రంటె, మామూలు పుస్తకం తెలుగు రాసి, దాని మీద ఉప్పు చల్లినట్టు నాలుగు గిట్లలు, నాలుగు గట్లలు చల్లుతరు. ప్రతి మాటకు "రా బై". ఏ ఊరి మాటది? మా దిక్కు "వత్తాన" అంటే కరీంనగర్ దిక్కు "అత్తన్న" అంటరు. రెండు గంటల బస్సు ప్రయాణంల మాట మారుతది. సినిమాల మాత్రం ఆదిలాబాద్ నుంచి నల్గొండ దాక ఒక్కటే మాట. మల్ల ఇంటర్వ్యూలల్ల "నెల రోజులు యాస నేర్చుకున్నం" అని చెప్పుకుంటరు. మా పిల్లలు ఆ పుస్తకం తెలుగు నేర్చుకోనీకి పదేండ్లు తన్నులు తిన్నరు, వాళ్లనెవలు ఇంటర్వ్యూ చేసిండ్రు?

ఆ లెక్కల నూటికి నూరు తెచ్చుకున్న సినిమా 'బలగం', అండ్ల గూడ హీరో ప్రియదర్శే. 2023ల వచ్చినప్పుడు ఊర్లల్ల తెరలు కట్టి మరీ ఆడించిండ్రు. బాపు అప్పుడు మందిల కూసోని చూసిండు, ఇప్పుడు విన్నడు. నల్లిబొక్క కాడ బావ బామ్మర్దులు పంచాయితి పెట్టుకునే ముచ్చట రాంగనే, మా ఇంట్ల తలకాయ కూర కాడ అలిగిపోయిన మా పెదనాయిన సంగతి ఎత్తుకున్నడు. బిడ్డ సినిమా ఆపి విన్నది. ఆ ముచ్చట సినిమా కంటె పొడుగున్నది, ఇక్కడ చెప్ప. కాకి ముట్టకపోతే ఇంటిల్లిపాది పడే బాధ తెల్వాల్నంటే మాత్రం ఈ సినిమా చూడాలె.

ఆఖరికి జానపద కళాకారులు మొగిలయ్య, కొమురమ్మల పాట వచ్చింది. వాళ్లది మన వరంగల్ దిక్కు దుగ్గొండే. సినిమా కోసం నేర్చుకున్న గొంతులు కావయి. మొగిలయ్య 2024 డిసెంబర్ల కాలం చేసిండు, అది బాపుకు ఎరికే. పాట నడుస్తాంటే నల్లద్దాల కిందికెల్లి నీళ్లు కారుతానయి. నేనేమో "ఇప్పుడే చుక్కలు పోసిన, అన్ని కారవోస్తివి" అని తిట్టిన. మల్ల సీసా పట్టుకొచ్చి కండ్లు తెరువుమంటే తెరవడాయె, పాట అయిపోయేదాక ఆగుమన్నడు.

పదో రోజు డాక్టర్ దగ్గరికి తీస్కపోతే అంత మంచిగున్నదన్నడు, నల్లద్దాలు బయట తిరిగేటప్పుడు చాలన్నడు. ఇంటికి రాంగనే బాపు దివాన్ మీద కూసోని "గా పిలగాన్ని ఒక్కసారి చూపెట్టుండ్రి" అన్నడు. బిడ్డ ఫోన్ల ప్రియదర్శి ఫొటో తీసి పట్టుకున్నది. దూరం పెట్టి చూసిండు, దగ్గర పెట్టుకోని చూసిండు.

'బలగం' మందిల చూసినప్పుడు శుక్లం ముసురుకోని తెర మీద నీడలే ఆడినయట. "గీ సన్నపోడా!" అన్నడు. "గొంతు విని ఆరడుగులుంటడనుకున్న."