గుట్ట కింద 150 గజాలు: కొనే ముందు అమ్మే లెక్క చూసుకోండి

ప్రశ్న: మాది నల్గొండ. నేను ప్రభుత్వ టీచర్‌ను, మావారికి చిన్న బట్టల దుకాణం ఉంది. యాదగిరిగుట్ట దగ్గర ఒక వెంచర్‌లో 150 గజాల ప్లాటు చూశాం. గజం 15 వేలు. ఐదేళ్లలో రెట్టింపు ఖాయమంటున్నారు. ఎఫ్‌డీల్లో 11 లక్షలున్నాయి, చిట్టీ ఎత్తితే 6 లక్షలు వస్తాయి. మిగతాది బంగారం కుదువపెట్టి తెద్దామనుకుంటున్నాం. పాప ఇంటర్ మొదటి సంవత్సరం. 50 వేలు బయానా ఇచ్చేశాం. కొనొచ్చా?

జవాబు: ఈ డబ్బుతో ఇప్పుడు వద్దు. ప్లాటు మంచిదే కావచ్చు. కానీ రెండేళ్లలో పాపకు ఇంజినీరింగ్ ఫీజు కట్టాలి. ప్లాటును అవసరానికి పది గజాలు కోసి అమ్ముకోలేం కదా.

ముందు అసలు ఖర్చు చూడండి. 150 గజాలకు 22.5 లక్షలు. స్టాంపు డ్యూటీ, బదలాయింపు సుంకం, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి తెలంగాణలో 7.5 శాతం, అంటే మరో 1.69 లక్షలు. మొత్తం 24.2 లక్షలు. మీ దగ్గరున్నది 17. మిగతా 7.2 లక్షలకు బంగారంపై 10 శాతం వడ్డీ అనుకున్నా నెలకు 6 వేలు కట్టాలి. ప్లాటు నుంచి మాత్రం అద్దె పైసా రాదు.

ఐదేళ్లలో రెట్టింపంటే ఏటా దాదాపు 15 శాతం పెరగాలి. అదే 24.2 లక్షలు 7 శాతం వడ్డీకి ఎఫ్‌డీలో ఉంటే ఐదేళ్లకు సుమారు 34 లక్షలవుతాయి. ఎఫ్‌డీతో సమానం కావాలన్నా గజం 22,600 పలకాలి, ఆ ధరకు కొనేవాడు దొరకాలి. కమీషన్, పన్ను వేరే. 2015లో ఆలయ అభివృద్ధి సంస్థ వచ్చింది, 2022 మార్చి 28న కొత్త గుడి తెరుచుకుంది. ఆ ఆశంతా ఇప్పుడు మీకు చెబుతున్న ధరలోనే ఉందని నా అంచనా. గుట్ట మీద జనం కనిపిస్తారు, నిజమే. వాళ్లు దర్శనం చేసుకుని, ఉంటే ఒక రాత్రి లాడ్జిలో ఉండి పోయేవాళ్లు. నెలనెలా అద్దె కట్టేవాళ్లు కాదు.

ధర నిజమా కాదా తేల్చే పద్ధతి ఒకటుంది. కొనేవాళ్లలా కాకుండా అమ్మేవాళ్లలా అడగండి. ఆ వెంచర్‌తో సంబంధం లేని ఇద్దరు ముగ్గురు ఏజెంట్లకు ఫోన్ చేసి, ‘మా బంధువులకు అక్కడే 150 గజాలుంది, చేతికి ఎంత ఇప్పిస్తారు, ఎన్ని నెలల్లో?’ అనండి. కంపెనీ చెప్పే 15 వేలకూ వీళ్లు చెప్పేదానికీ ఉన్న తేడా, కొన్న రోజే మీకొచ్చే నష్టం. ఒక సాయంత్రం చీకటి పడ్డాక వెంచర్‌లో తిరిగి, ఎన్ని ఇళ్లలో లైటు వెలుగుతుందో కూడా చూడండి.

ఇక కాగితాలు. 500 చదరపు మీటర్లు దాటిన లేఅవుట్‌కు రెరా (స్థిరాస్తి నియంత్రణ సంస్థ) నమోదు తప్పనిసరి, మినహాయింపులు చాలా తక్కువ. నంబరు తీసుకుని రెరా వెబ్‌సైట్‌లో మీరే చూడండి. బ్రోచర్ మీద ఉన్నది వేరే ప్రాజెక్టు నంబరు కావచ్చు. తర్వాత ఆమోదించిన లేఅవుట్ నకలు అడగండి, రంగుల బొమ్మ కాదు, ముద్ర ఉన్నది. రోడ్లు, మురుగు కాలువలు పూర్తయ్యేదాకా లేఅవుట్‌లో కొన్ని ప్లాట్లు, సాధారణంగా 15 శాతం, అనుమతిచ్చిన సంస్థకు తనఖాలో ఉంటాయి. ఆ నంబర్లు నకలు మీదే రాసి ఉంటాయి. మీ ప్లాటు నంబరు అందులో ఉంటే తనఖా విడిపించేదాకా రిజిస్ట్రేషన్ కాదు. చాలామంది ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీలు, అప్పులు చూపే ధ్రువపత్రం) చూసి, ఈ చిన్న అక్షరాలు చదవకుండా వదిలేస్తారు.

లింకు డాక్యుమెంట్లు (పాత యజమానుల నుంచి వరసగా వచ్చిన దస్తావేజులు), ఈసీ కనీసం 30 ఏళ్లకు తీయించండి. సర్వే నంబరు రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల నిషేధిత జాబితాలో ఉందేమో చూడండి. లావుణి పట్టాలు (ప్రభుత్వం పేదలకు ఇచ్చిన భూములు), దేవాదాయ భూములు, భూదాన్ భూములు అందులో ఉంటాయి. భూదానోద్యమం మొదలైన పోచంపల్లి కూడా గుట్ట ఉన్న యాదాద్రి భువనగిరి జిల్లాలోనే ఉంది, కాబట్టి చివరిదాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. ప్రాంతీయ రింగు రోడ్డు పేరు చెప్పి అమ్ముతుంటే, భూసేకరణ నోటిఫికేషన్‌లోని సర్వే నంబర్లతో మీ నంబరు సరిపోల్చండి. ప్లాటు రోడ్డు పక్కన ఉందో, రోడ్డు కిందే పోతుందో అక్కడ తేలుతుంది.

గుట్టల దగ్గర ఇంకో చిక్కుంది. వాలు నేలను ఒక పక్క తవ్వి, ఆ మట్టినే రెండో పక్క పోసి చదును చేస్తారు. పోసిన వైపు మీ వాటా అయితే మట్టి కుంగుతుంది. పునాది లోతుకు పోవాలి, పక్క గోడ కట్టాలి. తవ్విన వైపు బండ తగిలితే అదో ఖర్చు. వాన పడ్డ మర్నాడు వెళ్లి నీళ్లు ఎటు పారాయో చూడండి. చెరువు పది హెక్టార్లు దాటితే ఎఫ్‌టీఎల్ (చెరువు నిండినప్పుడు నీళ్లు చేరే గీత) నుంచి 30 మీటర్లు, చిన్న కుంటకైతే 9 మీటర్లు కట్టడానికి వీల్లేదు.

సగానికి పైగా నగదు ఇచ్చి డాక్యుమెంట్‌లో 9 లక్షలే రాయిద్దామంటే ఒప్పుకోకండి. రిజిస్ట్రేషన్‌లో మీకు మిగిలేది లక్ష పైచిలుకు. రేపు అమ్మేటప్పుడు మీరు నిజంగా పెట్టిన 13.5 లక్షలు కూడా లాభంగానే కనిపిస్తాయి. 12.5 శాతం లెక్కన దాని మీద పన్ను 1.69 లక్షలు. పైగా స్థిరాస్తికి 20 వేలు, ఆపైన నగదు తీసుకోవడమే చట్టవిరుద్ధం. రెండేళ్లకు మేమే ఒకటిన్నర రెట్లకు తిరిగి కొంటామని బాండు పేపరు మీద రాసిస్తే దాన్ని లెక్కలోకే తీసుకోవద్దు.

మీ ఎఫ్‌డీల్లోని 11 లక్షల్లో పాప చదువుకు 6 లక్షలు రెండేళ్ల ఎఫ్‌డీగా మార్చండి. దుకాణం ఆదాయం ఒక నెలలా ఇంకో నెల ఉండదు కనుక ఆరు నెలల ఇంటి ఖర్చు పొదుపు ఖాతాలో ఉంచండి. తక్కువ ధరకు పాడి చిట్టీ ఎత్తొద్దు, చివరిదాకా కట్టండి. బంగారం ఇంట్లోనే ఉండనివ్వండి. పాప మొదటి ఏడాది ఫీజు కట్టాక మిగిలినదాంతో, అప్పు లేకుండా వంద గజాలు వస్తే అప్పుడు ఆలోచించొచ్చు.

బయానా సంగతి. రసీదులో ప్లాటు నంబరు, గడువు, రద్దయితే ఏమవుతుందన్నది ఉందా చూడండి. రెరా నంబరు, తనఖా ప్లాట్ల జాబితా, లింకు డాక్యుమెంట్లు వారంలో ఇవ్వాలని రాతపూర్వకంగా అడిగి రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. అవి రాకపోతే డబ్బు వాపసు కోరుతూ రెండో ఉత్తరం రాయండి, ఆ తర్వాత రెరాకు ఆన్‌లైన్‌లో ఫిర్యాదు పెట్టండి. నమోదు లేని వెంచర్ మీద కూడా ఫిర్యాదు చేయొచ్చు. అన్నీ సక్రమంగా ఉండి మీరే వద్దనుకుంటే కొంత కోత పెట్టొచ్చు. దాన్ని కాపాడుకోవడానికని మరో 22 లక్షలు మాత్రం పెట్టకండి.