నీ కథలో వ్లాదిమిర్‌ని ఎవరు ఏమని పిలుస్తారు?

తమ్ముడూ,

నీ నవల మొదటి మూడు అధ్యాయాలూ చదివాను. ఉక్రెయిన్‌లోని విన్నిత్సాలో మెడిసిన్ చదవడానికి వెళ్ళిన మన కుర్రాడు, అతను అద్దెకు దిగిన ఇంటి పెద్దాయన, ఆయన తల్లి, ఇద్దరు కొడుకులు, మేడ మీద ఉండే పోలండ్ మనిషి... వీళ్ళ మధ్య మాటలు బాగా పట్టావు, అందులో వంక పెట్టడానికేం లేదు. పేర్ల దగ్గరే కథ మాటిమాటికీ ఆగిపోతోంది. పెద్దాయనకి వ్లాదిమిర్ అని పెట్టావు, బాగానే ఉంది, కానీ ఎనభై దాటిన తల్లీ వ్లాదిమిర్ అంటుంది, భార్యా అదే అంటుంది, కొడుకు స్నేహితుడూ, ఆసుపత్రిలో నర్సూ, గోడ గురించి గొడవకొచ్చిన పొరుగాయనా అందరూ అదే అంటారు. అక్కడి ఇళ్ళల్లో మామూలుగా అలా పిలుచుకోరు. రష్యన్, ఉక్రేనియన్, పోలిష్ లాంటి స్లావ్ భాషలు మాట్లాడే చోట ఒక మగవాడికి నాలుగైదు పేర్లుంటాయి, అన్నీ ఒకే పేరు నుంచి వచ్చినవే. ఎవరు ఎప్పుడు ఏది వాడారన్నదాంట్లోనే ప్రేమ, కోపం, హోదా, దూరం అన్నీ తెలిసిపోతాయి. నువ్వు ఆ సౌకర్యాన్ని వాడుకోకుండా వదిలేశావు, అందుకే ఇంత పొడుగు ఉత్తరం.

ముందు తండ్రి పేరు సంగతి. రష్యాలో, ఉక్రెయిన్‌లో, బెలారుస్‌లో మనిషికి కాగితాల మీద మూడు ముక్కలుంటాయి: సొంత పేరు, తండ్రి పేరు నుంచి తయారైన పేరు, ఇంటిపేరు. 1961లో అంతరిక్షంలోకి వెళ్ళిన గగారిన్‌నే తీసుకో. యూరీ అలెక్సేయెవిచ్ గగారిన్, అంటే అలెక్సేయ్ కొడుకు. వడ్రంగం చేసిన ఆ తండ్రి అలెక్సేయ్ ఇవానొవిచ్, కనక తాత ఇవాన్. ఇద్దరి పేర్లు చూస్తే మూడు తరాలు తెలిసిపోయాయి. ఇది గుర్తుంటే రెండో అధ్యాయంలో నువ్వు రాసిన ఇవాన్ ఇవానొవిచ్ ఎందుకు కుదరదో నీకే తెలుస్తుంది, తండ్రి వ్లాదిమిర్ అయినప్పుడు కొడుకు ఇవాన్ వ్లాదిమిరొవిచ్ అయి తీరాలి. కూతురుంటే వ్లాదిమిరొవ్నా. కొన్ని కాస్త వేరుగా నడుస్తాయి, ఇల్యా కొడుకు ఇల్యిచ్, నికీతా కొడుకు నికీతిచ్.

ఈ రెండో ముక్క కాగితాల కోసమే కాదు. నర్సు డాక్టర్ని, విద్యార్థి మాస్టర్ని, కోడలు మామగారిని పిలిచేటప్పుడు సొంత పేరు, తండ్రి పేరు కలిపి అంటారు. మనం 'గారు' చేర్చి ఇచ్చే మర్యాద వాళ్ళు తండ్రి పేరు చేర్చి ఇస్తారు. పాతకాలంలో ఆ 'విచ్' అందరికీ దక్కేది కూడా కాదు, పెద్ద హోదా ఉన్నవాళ్ళకే. అందుకని నువ్వు 'వ్లాదిమిర్ గారూ' అని రాసిన చోటల్లా 'వ్లాదిమిర్ పెత్రొవిచ్' అని మార్చు (ఆయన తండ్రి పేరు పెత్రో అనుకుందాం), 'మీరు' ఉంచు, 'గారు' తీసెయ్. రెండూ పెడితే ఒకే మర్యాద రెండుసార్లు చేసినట్టుంటుంది.

ఇక ముద్దుపేర్లు. వ్లాదిమిర్‌ని చిన్నప్పటి నుంచీ ఎరిగినవాళ్ళు వొలోద్యా అంటారు, వోవా అంటారు, చిన్నపిల్లాడైతే వోవొచ్కా. నీ కుర్రాడి చేత 'వ్లాద్' అనిపించావు చూడు, అది వ్లాదిస్లావ్‌కి వాడే పిలుపు, వేరే పేరు. అలెక్సాందర్ సాషా అవుతాడు, షూరా అవుతాడు, సాన్యా అవుతాడు. మిఖాయిల్ మీషా, నికొలాయ్ కోల్యా, అలెక్సేయ్ అల్యోషా, దిమిత్రీ దీమా గానీ మీత్యా గానీ. స్లావా అనే పిలుపు వ్యాచెస్లావ్‌దీ కావచ్చు, యారొస్లావ్‌దీ కావచ్చు, స్తానిస్లావ్‌దీ కావచ్చు. చివర 'కా' తగిలించి వాన్కా, వాస్కా అన్నారంటే అది దగ్గరితనమూ కావచ్చు, చులకనా కావచ్చు, పిలిచే గొంతుని బట్టి ఉంటుంది. ఒకప్పుడు మాస్కోలో జారుకి అర్జీ పెట్టుకునే దొరలు కూడా 'నీ బానిస ఇవాష్కా' అని తమ పేరుని తామే చిన్నబుచ్చుకుని రాసేవారు. 1701 చివర్లో మొదటి పీటర్ ఆ పద్ధతి మాన్పించి నిండు పేర్లు రాయమని ఆజ్ఞ ఇచ్చాడు. నీ కథలో పోలీసు స్టేషన్ సీనుంది కదా, అక్కడ ఆఫీసరు పెద్దాయన్ని తండ్రి పేరు వదిలేసి ఉత్త ఇంటిపేరుతో పిలిస్తే ఎంత అవమానమో, నువ్వు ఒక్క తిట్టు కూడా రాయక్కర్లేదు.

మన పాఠకుడికి ఇక్కడో చిక్కుంది. మీషా, సాషా, వాన్యా, కోల్యా వింటే మనకి ఉషా, ఆశా గుర్తొచ్చి ఆడపిల్లలనుకుంటాం. నికీతా, ఇల్యా, కుజ్మా, ఫొమా, లుకా అయితే ముద్దుపేర్లు కూడా కావు, నిండు మగపేర్లే. నికిత మన దగ్గర ఆడపిల్ల పేరు, అక్కడ క్రుశ్చేవ్ పేరు. సాషా, జేన్యా ఆడవాళ్ళకీ మగవాళ్ళకీ ఇద్దరికీ ఉంటాయి. అదృష్టం కొద్దీ తెలుగులో క్రియ మన పక్షాన ఉంది. 'మీషా వచ్చాడు' అన్న ఒక్క మాటతో పని అయిపోతుంది, కాబట్టి కొత్త మనిషిని తెచ్చినప్పుడు పెద్ద వర్ణనతో మొదలుపెట్టకు, ఒక చిన్న వాక్యంలో అతని చేత ఏదో ఒకటి చేయించు. అలాగే కథకుడిగా నువ్వు ఒక్కొక్కరికీ ఒకే పేరు ఖాయం చేసుకుని మొదటి నుంచి చివరి దాకా దాన్నే వాడు, మిగతా పేర్లన్నీ పాత్రల నోటి నుంచే రావాలి. తెలుగులోకి వచ్చిన రష్యన్ నవలలు చదివినవాళ్ళు చాలామంది, ఎవరు ఎవరో తెలియక సగంలో వదిలేశామని చెప్తుంటారు. ఆ టెన్షన్ నీ పాఠకుడికి పెట్టకు.

ఊరు. ఇది విన్నిత్సా, అంటే ఉక్రెయిన్. రష్యన్‌లో వ్లాదిమిర్ అయిన పేరు ఉక్రేనియన్‌లో వొలొదిమిర్. పుతిన్ పేరు, జెలెన్‌స్కీ పేరు ఒకటే, భాష వేరు. నికొలాయ్ అక్కడ మికొలా, అలెక్సాందర్ ఒలెక్సాందర్, పావెల్ పావ్లో, ప్యోతర్ పెత్రో, సెర్గేయ్ సెర్హీ. నీ పెద్దాయన 1950ల్లో పుట్టాడన్నావు, సోవియట్ కాలంలో అక్కడి పాస్‌పోర్టుల్లో రెండు భాషల్లోనూ వివరాలు రాసేవారు, కనక ఒకే పుస్తకంలో ఆయన ఒక పేజీలో వ్లాదిమిర్, ఇంకో పేజీలో వొలొదిమిర్. ఇంట్లో రష్యన్ మాట్లాడి 2022లో రష్యా దాడి మొదలయ్యాక మానేసినవాళ్ళు అక్కడ చాలామంది ఉన్నారు. నీ పెద్దాయన ఏ పేరుతో పరిచయం చేసుకుంటాడో, కొడుకు దాన్ని సరిదిద్దుతాడో లేదో నువ్వే నిర్ణయించాలి, నా మటుకు నాకు అది యుద్ధం గురించి నువ్వు రాసిన రెండు పేజీల సంభాషణ కన్నా ఎక్కువ చెప్తుంది. ఇంకోటి, ఉక్రేనియన్‌లో పిలిచేటప్పుడు పేరు చివర మారుతుంది, మనం రాముణ్ణి 'రామా' అన్నట్టే ఇవాన్‌ని 'ఇవానే', బొహ్దాన్‌ని 'బొహ్దానే' అంటారు. రష్యన్ ఆ పద్ధతిని చాలావరకు వదిలేసింది, ఇప్పుడు మాటల్లో 'సాష్!', 'మీష్!' అని చివరి అచ్చు కొరికేస్తారు.

మేడ మీది పోలండ్ మనిషి ఇవాన్ కాలేడు. అదే పేరు పోలండ్‌లో యాన్. చెక్‌లోనూ యాన్, సెర్బియాలో యొవాన్, స్లొవేనియాలో యానెజ్, క్రొయేషియాలో, బల్గేరియాలో మళ్ళీ ఇవాన్. అసలు ఇది స్లావ్ మాటే కాదు, హీబ్రూ నుంచి గ్రీకు మీదుగా చర్చితో పాటు వచ్చిన పేరు. పోలండ్‌లో తండ్రి పేరుతో పిలిచే అలవాటు లేదు, పరిచయస్తుణ్ణి మర్యాదగా 'పాన్' చేర్చి పిలుస్తారు. బోస్నియాలో ఇంకా సున్నితం, యొవాన్ అంటే సెర్బ్ అయ్యుంటాడు, ఇవాన్ అంటే క్రొయాట్, ఎమిర్ అంటే ముస్లిం. 1992 నుంచి 1995 దాకా సాగిన యుద్ధంలో పేరు చెప్పగానే మనిషి ఎటువైపో తేల్చేసేవారు. నీ కథ అటు వెళ్ళేట్టయితే పేరు పెట్టే ముందు రెండుసార్లు ఆలోచించు.

అచ్చమైన పాత స్లావ్ పేర్లు ఎక్కువగా రెండు ముక్కలతో కట్టినవి. స్లావ్ అంటే కీర్తి, వ్లాద్ అంటే ఏలడం, మిర్ మొదట్లో గొప్పతనం అనే అర్థంలో ఉండి తర్వాత శాంతి, లోకం అనే మాటతో కలిసిపోయింది. యారొస్లావ్, స్వ్యాతొస్లావ్, మ్స్తిస్లావ్, కజిమీర్, బొలెస్లావ్, ఇవన్నీ రాజుల ఇళ్ళల్లో తిరిగిన పేర్లు. ఒలేగ్, ఈగర్ స్కాండినేవియా నుంచి వచ్చాయి. 988లో కీవ్ రాజు వ్లాదిమిర్ బాప్తిస్మం తీసుకున్నాక చర్చి పేర్లు వచ్చిపడ్డాయి, ఆయనకే వసీలీ అని పెట్టారు. చాలాకాలం ఒక్కొక్కరికీ రెండేసి పేర్లు నడిచాయి, యారొస్లావ్‌కి చర్చిలో గియోర్గీ. ఆ గియోర్గీ అనే ఒక్క గ్రీకు పేరే రష్యన్‌లో యూరీ, యెగోర్ కూడా అయింది. నువ్వు తెలిసి పెట్టావో తెలియక పెట్టావో గానీ నీ వ్లాదిమిర్ చిన్నకొడుకు బోరిస్. ఆ కీవ్ వ్లాదిమిర్ కొడుకుల్లో బోరిస్, గ్లెబ్ అని ఇద్దరున్నారు, తండ్రి పోయిన 1015లోనే అధికారం కోసం అన్నదమ్ముల మధ్య జరిగిన గొడవలో వాళ్ళని చంపేశారు. రష్యా చర్చి వాళ్ళని పునీతుల్లో చేర్చింది, వాళ్ళ చర్చి పేర్లు రొమాన్, దవీద్ అయినా జనం నోట బోరిస్, గ్లెబ్ అనే నిలిచాయి, అలా అవి చర్చి క్యాలెండర్లోకి ఎక్కాయి. అన్నదమ్ముల తగువు మీదే నీ కథ నడుస్తోంది కాబట్టి అక్కడి పాఠకుడికి బోరిస్ అన్న పేరు వినగానే ఇదంతా మెదులుతుంది. ఉంచుకో, కానీ కథలో ఎవరి చేతా వివరణ చెప్పించకు.

మన పల్లెల్లో పుట్టిన పిల్లలు దక్కకపోతే తర్వాత పుట్టినవాడికి పెంటయ్య, పిచ్చయ్య, తవిటయ్య అని పెట్టేవారు కదా, చావు కన్ను పడకుండా. అక్కడా అదే భయం, అదే ఉపాయం. పాత రష్యన్‌లో నెక్రాస్ అంటే అందం లేనివాడు, నెజ్దాన్ అంటే ఎదురుచూడనివాడు. సెర్బియన్ భాషకి నిఘంటువు కట్టిన వూక్ కరాజిచ్ 1787లో త్ర్షిచ్ అనే పల్లెలో పుట్టాడు. అంతకుముందు పుట్టిన పిల్లలు బతకలేదు. వూక్ అంటే తోడేలు. పిల్లల్ని మంత్రగత్తెలు తినేస్తున్నారని నమ్మే తల్లులు ఈ పేరు పెడతారనీ, తోడేలు జోలికి వాళ్ళు రారని అనుకుంటారనీ, తనకీ అందుకే పెట్టారనీ ఆయనే తన నిఘంటువులో రాసుకున్నాడు. నిఘంటువులో సొంత పుట్టుక గురించి రాసుకున్న ఆ నాలుగు మాటలు నాకు ఎప్పుడూ ఒళ్ళు గగుర్పొడిపిస్తాయి.

పుట్టిన సంవత్సరం కూడా చూసుకో. విప్లవానికి ముందు పల్లెటూరి పిల్లాడికి చర్చి క్యాలెండర్లో ఆ రోజుల్లో ఏ పునీతుడి పండగ పడితే ఆ పేరే. 1920లు, 30ల్లో పుట్టినవాళ్ళల్లో వ్లాదిమిర్ లెనిన్‌ని కలిపి వ్లాద్లెన్, మార్క్స్ లెనిన్‌ని కలిపి మార్లెన్, యువజన కమ్యూనిస్టు అంతర్జాతీయ సంస్థ మొదటి అక్షరాలతో కిమ్. మన దగ్గర కమ్యూనిస్టు కుటుంబాల్లో లెనిన్, స్టాలిన్ అని పేర్లున్నవాళ్ళు నీకూ తెలిసే ఉంటారు, కానీ అక్కడ అవి పుట్టినప్పుడు పెట్టిన పేర్లు కావు, ఉద్యమంలో పెట్టుకున్న మారుపేర్లు. విన్నిత్సాలో మన కుర్రాడు తన పేరు లెనిన్ అని చెప్తే ఎదుటివాళ్ళ మొహంలో ఏం కనబడుతుందో ఆలోచించు, నీకో మంచి సీను దొరుకుతుంది. ముసలావిడ తమ్ముడికి కిమ్ అని పెట్టొచ్చు. ఈ తరం పిల్లలకి మళ్ళీ బొహ్దాన్, యారొస్లావ్ లాంటి పాత పేర్లు వస్తున్నాయి.

నాలుగో అధ్యాయంలో బల్గేరియా మనిషి వస్తాడన్నావు. అక్కడ కూడా మనలాగే తాత పేరు మనవడికి పెడతారు, ఈమధ్య చాలామంది మొదటి అక్షరం మాత్రం ఉంచుకుంటున్నారు, అదీ మనలాగే. స్తొయాన్ అంటే నిలిచేవాడు, జ్ద్రావ్కో అంటే ఆరోగ్యం, జివ్కో అంటే ప్రాణం, అన్నీ తల్లిదండ్రుల మొక్కులే. మే 6 గియోర్గీల పేరు పండగ, వాళ్ళింటికి పిలవకపోయినా వెళ్ళొచ్చు. అయితే ఆ దేశంలోనే 1984 చివరి నుంచి కొన్ని నెలల్లో, తుర్కు ముస్లింల పేర్లు బలవంతంగా మార్పించి బల్గేరియన్ పేర్లు అంటగట్టారు. ఎనిమిది లక్షలకు పైగా మనుషులు. 1989 వేసవిలో మూడు లక్షల మందికి పైగా టర్కీకి వెళ్ళిపోయారు, 1990లో గానీ పాత పేర్లు తిరిగి రాయించుకునే చట్టం రాలేదు. నీ మనిషికి అప్పటికి పదేళ్ళుంటే బడిలో ఒక పేరు, ఇంట్లో ఇంకో పేరు. ఏ కుటుంబం నుంచి వచ్చాడో ముందు ఖాయం చేసుకుని అప్పుడు రాయి.

పేర్ల అర్థాలు చూసి పాత్రలకి పేర్లు పెట్టే పని మాత్రం చెయ్యకు. ధైర్యవంతుడు కాబట్టి ఫలానా పేరు అని ఏ తండ్రీ పుట్టిన రోజున చూసి పెట్టలేడు. పెట్టింది తాత కోసమా, చర్చి కోసమా, పార్టీ కోసమా, భయం వల్లా అన్నది చూడు. ఒక కాగితం మీద ప్రతి మగ పాత్రకీ పుట్టిన ఏడాది, ఊరు, తండ్రి పేరు, ఇంట్లో ఏ భాష అన్నవి రాసుకో, దాని కింద ఎవరెవరు ఏమని పిలుస్తారో రాసుకో. రెండో అధ్యాయం ఆ కాగితం పక్కన పెట్టుకుని తిరగరాసి నాకు పంపు. పెద్దాయన తండ్రికి పెత్రో అని నేనేదో నోటికొచ్చింది అనేశాను, నీకు నచ్చకపోతే మార్చుకో, మారిస్తే మాత్రం ఆయన్ని పిలిచే ప్రతిచోటా మార్చాలి.