కోస్టారికా ట్రిప్పుకు ఎఫ్‌డీ బ్రేక్ చేయాలా?

ప్రశ్న: మా అమ్మాయి టెక్సాస్‌లో ఎంఎస్ రెండో సెమిస్టర్ చదువుతోంది. మార్చిలో స్ప్రింగ్ బ్రేక్‌కు నలుగురు స్నేహితురాళ్లతో ఏడు రోజులు మధ్య అమెరికాలోని కోస్టారికా దేశం వెళ్తానంటోంది. శాన్ హోసే, లా ఫోర్చూనా, మాంటెవెర్డె, మాన్యుయెల్ ఆంటోనియో, తమరిందో... అన్నీ చుట్టేస్తారట. తన వాటా 1,700 డాలర్లు, అంటే దాదాపు లక్షన్నర. ఇందులో విమానం 480, బస 300, కారు, షటిల్స్ 420, తిండి 200, టూర్లు, పార్కులు 300. ఎడ్యుకేషన్ లోన్ 32 లక్షలుంది. వద్దంటే చిన్నబుచ్చుకుంటుంది. ఎఫ్‌డీ బ్రేక్ చేసి పంపనా, లోన్‌లో మిగిలింది వాడుకోమననా?
– ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: రెండూ వద్దండీ. అలాగని అమ్మాయిని ఆపమని కూడా అనను. చదువుకునే వయసులో అగ్నిపర్వతం పక్కన నిలబడి చూసిన జ్ఞాపకం విలువైనదే. దానికి డబ్బు ఎక్కడి నుంచి వస్తుందన్నదే మన లెక్క.

లోన్ సొమ్ము చదువుకిచ్చింది, దాన్ని విహారానికి తీయడమే తప్పు. పైగా లక్షన్నరను 10.5 శాతం వడ్డీతో పదేళ్లలో తీరిస్తే నెలకు 2,024 రూపాయల చొప్పున మొత్తం 2.43 లక్షలు కట్టాలి. చదివే రోజుల్లో పేరుకునే వడ్డీ దీనికి అదనం. ఎఫ్‌డీ మీ ఇంటి అత్యవసరానికి. దాన్ని కదపకండి.

ఇక వాళ్ల ప్లాన్ చూద్దాం. నాకు నచ్చనిది కోస్టారికా కాదు, ఏడు రోజుల్లో ఐదు ఊళ్లు. మ్యాప్‌లో లా ఫోర్చూనా, మాంటెవెర్డె పక్కపక్కనే కనిపిస్తాయి. కానీ మధ్యలో అరెనాల్ సరస్సు ఉంది. దాన్ని చుట్టి కొండదారిలో వెళ్లాలంటే సుమారు నాలుగు గంటలు. అక్కడి నుంచి మాన్యుయెల్ ఆంటోనియోకు మరో నాలుగైదు గంటలు, తమరిందోకు ఇంకో ఐదు. సెలవులో చాలా పగటి సమయం కారులోనే అయిపోతుంది. మాన్యుయెల్ ఆంటోనియో పార్కుకు మంగళవారం సెలవు. టికెట్లు ముందే ఆన్‌లైన్‌లో కొనాలి. పరుగులో సరిగ్గా ఆ రోజే చేరితే ఒక రాత్రి హోటల్ అద్దె వృథా.

అద్దె కారుకు ఇంటర్నెట్‌లో కనిపించే రేటు చూసి మోసపోవద్దని చెప్పండి. అక్కడ థర్డ్ పార్టీ బీమా తప్పనిసరి. చాలాసార్లు దాన్ని కౌంటర్ దగ్గరే కలుపుతారు. డ్రైవరుకు 25 ఏళ్లు నిండకపోతే అదనపు చార్జీ కూడా పడొచ్చు.

లా ఫోర్చూనా, మాన్యుయెల్ ఆంటోనియో రెండే పెట్టుకోమనండి. ఒక అగ్నిపర్వతం, ఒక సముద్రం. శాన్ హోసే నుంచి రెండింటికీ బస్సులున్నాయి. కారు పద్దు సగానికి పైగా తగ్గుతుంది, టూర్లూ తగ్గుతాయి. నా అంచనాలో 1,300 డాలర్లలో ట్రిప్పు బాగానే అవుతుంది.

వీలైతే మే నెల మధ్యకు మార్చుకోమనండి. డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకా అక్కడ ఎండాకాలం, టూరిస్టుల రద్దీ, రేట్లూ ఎక్కువే. మేలో వానలు మొదలవుతాయి కాబట్టి గదులు చవకవుతాయి. వాన ఎక్కువగా మధ్యాహ్నం దాటాకే పడుతుంది, పొద్దున్నే తిరిగేస్తే సరి. మీకు కూడా రెండు నెలల టైమ్ దొరుకుతుంది. క్యాంపస్‌లో పని చేస్తుంటే 650 డాలర్లు అమ్మాయినే దాచమనండి, మిగతా సగం మీరు నెలనెలా పక్కన పెట్టండి. తన కష్టం కలిస్తే ఖర్చు మీద తనకే శ్రద్ధ ఉంటుంది.

తిండికి పెట్టిన 200 సరిపోతాయి, ఎక్కడ తినాలో తెలిస్తే. అక్కడ చిన్న హోటళ్లను 'సోడా' అంటారు. అందులో 'కసాదో' అడిగితే అన్నం, నల్ల చిక్కుడు గింజల కూర, వేయించిన అరటిపండు, క్యాబేజీ సలాడ్, పక్కన చేపో చికెనో పెడతారు. మన మెస్ భోజనం లాంటిదే. హోటల్ బిల్లులో 13 శాతం పన్ను, 10 శాతం సర్వీసు కలిసే ఉంటాయి. అమెరికా అలవాటుతో పైన ఇంకో 20 శాతం టిప్ పెట్టక్కర్లేదు. కార్డు మెషిన్ డాలర్లా, కొలోన్లా (అక్కడి కరెన్సీ) అని అడిగితే కొలోన్లే నొక్కాలి. డాలర్లు నొక్కితే వాళ్లకు నచ్చిన రేటు పడుతుంది. విదేశీ లావాదేవీ ఫీజు లేని కార్డు పట్టుకెళ్లాలి, లేకపోతే ప్రతి గీతకూ 3 శాతం దాకా పోతుంది.

నాకు అసలు టెన్షన్ వీసా గురించే. పాస్‌పోర్టులో ఎఫ్-1 (స్టూడెంట్ వీసా) స్టాంపు గడువు దాటినా, మెక్సికోకో కెనడాకో వెళ్లి 30 రోజుల్లోపు తిరిగి అమెరికాలోకి రావడానికి ఒక వెసులుబాటుంది. చాలామంది పిల్లలు అది కోస్టారికాకూ వర్తిస్తుందనుకుంటారు. వర్తించదు. అక్కడ చిక్కుకుంటే స్టాంపు కోసం హైదరాబాద్ దాకా రావాల్సి రావచ్చు, సెమిస్టర్ పోవచ్చు. ఆ నష్టం ముందు లక్షన్నర ఎంత? యూనివర్సిటీ ఇచ్చే ఐ-20 పత్రం మీద ట్రావెల్ సంతకం కూడా ఏడాది లోపుదై ఉండాలి. అమెరికా వీసా ఉన్నవాళ్లను కోస్టారికా రానివ్వడానికి కూడా షరతులున్నాయి. టికెట్ కొనకముందే ఆ దేశ కాన్సులేట్‌నూ, యూనివర్సిటీ ఇంటర్నేషనల్ ఆఫీసునూ అడగాలి. కాలేజీ హెల్త్ ఇన్సూరెన్స్ అక్కడ పనిచేస్తుందో లేదో కూడా కనుక్కోవాలి, పనిచేయకపోతే ట్రావెల్ బీమా తీసుకోవాలి.

ఈ రాత్రి ఫోన్ చేసినప్పుడు ముందు స్టాంపు మీద ఉన్న గడువు తేదీ చదివి చెప్పమనండి. డబ్బు మాట తర్వాత ఎత్తండి.