పసుపు డబ్బా, మాత్రల డబ్బా

కావలి

చిరంజీవి సీనుకు పెద్దమ్మ ఆశీస్సులు.

నీకు అల్సరేటివ్ కొలైటిస్ (పెద్దపేగు వాచి పుండ్లు పడే జబ్బు) అని తేలిందని, వాట్సాప్‌లో వచ్చిన మెసేజ్ నమ్మి మాత్రలు పక్కనపెట్టి పొద్దున్నే పసుపు నీళ్లు తాగుతున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. ఇదే జబ్బుతో పదకొండేళ్లుగా వేగుతున్నదాన్ని. ముందు ఆ మాత్రలు మళ్లీ మొదలుపెట్టు, తర్వాత మాట్లాడుకుందాం.

పసుపులో ఏమీ లేదనడం లేదురా. జపాన్‌లో డాక్టర్లు ఈ జబ్బు నెమ్మదించినవాళ్ల మీద ఆరు నెలలు చూసి 2006లో రాశారు. పసుపులో ఉండే కర్కుమిన్ అనే పదార్థం రోజుకు 2 గ్రాములు తీసుకున్న 43 మందిలో ఇద్దరికే తిరగబెట్టింది, తీసుకోని 39 మందిలో 8 మందికి. అయితే రెండు గుంపులవాళ్లూ పేగు వాపు తగ్గించే మెసలమైన్ లాంటి మాత్రలు మానలేదు. నీకొచ్చిన వాట్సాప్ మెసేజ్‌లో ఈ ముక్క ఉండి ఉండదు.

పసుపులో కర్కుమిన్ నూటికి మూడు పాళ్లు, అటూఇటూగా. నిన్న చేపల పులుసుకి వేసే చెంచాడు పసుపు కాటా మీద పెడితే 3 గ్రాములు తూగింది. 2 గ్రాముల కర్కుమిన్ కావాలంటే అలాంటివి ఇరవైకి పైగా మింగాలి, రోజూ! అందుకే వాళ్లు దాన్ని విడిగా తీసి ఇచ్చారు. ఢిల్లీ ఎయిమ్స్‌లో రోజుకు 450 మిల్లీగ్రాములు ఇచ్చి చూస్తే, మందు లేని ఉత్తుత్తి మాత్రకీ దానికీ తేడా తేలలేదు.

నేలవేము సారం మీదా పరీక్షలు జరిగాయి. ఎక్కువ మోతాదు తీసుకున్నవాళ్లలో ఎనిమిది వారాలకి 60 శాతం మందికి కాస్త తగ్గింది, ఉత్తుత్తి మాత్రతోనూ 40 శాతం మందికి తగ్గింది. నీలి ఆకు నుంచి తీసే పొడి బాగానే పనిచేస్తుందట గానీ, కొందరికి ఊపిరితిత్తుల రక్తనాళాల్లో బీపీ పెరిగిందని జపాన్ ప్రభుత్వమే హెచ్చరించింది. దాని జోలికి పోకు.

నేనూ తప్పు చేశానులే. ఉదయగిరి కొండ మూలికలని ఒకాయన ఇచ్చిన పొడి నమ్మి నలభై రోజులు మాత్రలు మానేశా. ఒంగోలు పెళ్లికి పోతూ పినాకినిలో సీటుండి కూడా బాత్‌రూం తలుపు దగ్గరే నిలబడ్డా. దిగేసరికి చీరకి రక్తం. హిమోగ్లోబిన్ 7కి పడిపోయింది.

కర్కుమిన్ వాడాలనుంటే సీసా తీసుకెళ్లి డాక్టరుకి చూపించు. మిరియాల సారం కలిపిందైతే కర్కుమిన్ ఒంట్లోకి ఎక్కువగా ఇంకుతుంది, వేరే మందుల పనినీ మార్చొచ్చు. కొందరికి లివర్ దెబ్బతిన్నది కూడా, అందుకని రక్తపరీక్ష ఎప్పుడెప్పుడు చేయించాలో అడుగు. రక్తం పలచబడే మందులు వాడుతుంటే ముందే చెప్పు.

వచ్చే నెల చెకప్‌కి నెల్లూరు పోయేటప్పుడు ఇక్కడ దిగు. నీకు పులుసు కారం తగ్గించి పెడతా.

మీ పెద్దమ్మ