గిన్నెలు తోముతుంటే తట్టే ఐడియా, పుస్తకం ముందు కూర్చుంటే ఎక్కడికి పోతుంది?

ప్రశ్న: అక్కా, మాది ఖమ్మం, ఇంట్లోనే మగ్గం వర్క్ బ్లౌజులు చేస్తా. పెళ్లిళ్ల సీజన్ వచ్చిందంటే చాలు, వచ్చినవాళ్లంతా ఎవరికీ లేని డిజైన్ కావాలంటారు. ఫోన్‌లో పింట్రెస్ట్ పెట్టుకుని రెండేసి గంటలు కూర్చున్నా కొత్తది ఒక్కటీ రాదు, చివరికి చూసినవాటిలోంచే ఏదో ఒకటి అటూ ఇటూ తిప్పి గీసేస్తా. అదే గిన్నెలు తోముతుంటే టక్కున తడుతుంది, చేతులు కడుక్కుని పుస్తకం తీసేలోపు సగం మర్చిపోతా. నా బుర్రలో ఏమన్నా తేడా ఉందంటారా?

జవాబు: తేడా ఏం లేదమ్మా, అందరి బుర్రా అంతే. ముందు ఆ ఫోన్ సంగతి చూద్దాం. 1991లో జాన్సన్, స్మిత్ అనే ఇద్దరు అమెరికాలో ఒక పరీక్ష పెట్టారు, కాఫీ ఒలకని కప్పు డిజైన్ చెయ్యమన్నారు, స్ట్రా మాత్రం ఉండకూడదని ముందే చెప్పారు. కొందరికి నమూనాగా స్ట్రా ఉన్న కప్పు బొమ్మే చూపించారు, ఇంకొందరికి ఏమీ చూపించలేదు. బొమ్మ చూసినవాళ్లలో చాలామంది, వద్దని చెప్పినా సరే, స్ట్రా పెట్టేశారు! అంటే కన్ను ఒకసారి చూసిందంటే చెయ్యి అటే పోతుంది. నువ్వు రెండు గంటలు చూసేది రెండు వందల నెమళ్లు, ఇక నీ పెన్సిల్‌కి నెమలి తప్ప ఏం తడుతుంది చెప్పు?

ఇక గిన్నెల సంగతి. మన ఆలేరు చింతకింది మల్లేశం గారి కథ తెలిసే ఉంటుంది, అయినా ఒక్క ముక్క కోసం మళ్లీ చెప్తా. పోచంపల్లి చీరకి ఆసు పోయాలంటే, అంటే నేతకి ముందు దారాన్ని మేకుల చుట్టూ తిప్పాలంటే, ఒక్క చీరకే చెయ్యి దాదాపు 9000 సార్లు అటూ ఇటూ ఆడాలి, వాళ్లమ్మ లక్ష్మి గారికి భుజం పట్టేసేది. ఆరో తరగతితో చదువాపేసిన ఈయన 1992లో ఆ పని చేసే మిషన్ మొదలుపెట్టి, కొంచెం కొంచెంగా కట్టుకుంటూ వచ్చి ఆఖర్లో ఒక కదలిక దగ్గర ఆగిపోయాడు, చేతిలో డబ్బులు లేవు, హైదరాబాద్ వచ్చి కరెంటు పనులు చేసుకున్నాడు. 1999లో బాలానగర్‌లో ఏదో పనికెళ్తే అక్కడ వేరే మిషన్ ఆడుతూ కనపడింది, ఇన్నేళ్లుగా తనకి చిక్కని కదలిక అదే. లక్ష్మీ ఆసు మిషన్ అలా పూర్తయింది, 2017లో పద్మశ్రీ కూడా వచ్చింది.

అందరూ ఆ బాలానగర్ క్షణాన్నే చెప్పుకుంటారు, నాకైతే అంతకుముందు ఏడేళ్లే ముఖ్యం అనిపిస్తుంది. ఆ మిషన్‌ని ఇంకో వందమంది చూసుంటారు కదా, వాళ్లకెవరికీ ఏమీ తట్టలేదు. నీకు గిన్నెల దగ్గర తట్టేది కూడా ఊరికే ఊడిపడదు, నువ్వు ముందు కూర్చుని విసుక్కున్న ఆ రెండు గంటలే లోపల నానుతూ ఉంటాయి, దోసెల పిండి లెక్కన. గ్రాహం వాలస్ అనే ఆయన 1926లోనే ఇది రాశాడు, ముందు కష్టపడటం, తర్వాత పక్కన పెట్టడం, అప్పుడు తట్టడం, ఆ తర్వాత పనికొస్తుందో లేదో చూసుకోవడం. నాలుగోది చాలామంది వదిలేస్తారు (నేనూ అంతే, రాత్రి బ్రహ్మాండం అనుకున్నది పొద్దున్న చదివితే సిగ్గేస్తుంది).

కాబట్టి ఫోన్ పక్కన పడేసి, ఆ అమ్మాయి పెళ్లి చీర ఒళ్లో పెట్టుకుని అంచు చూస్తూ ఓ ఇరవై నిమిషాలు చెత్తవైనా సరే నాలుగు గీతలు గీయి. తర్వాత లేచి గిన్నెలు తోముకో. సింక్ పక్కన ఫోన్‌లో వాయిస్ రికార్డర్ ఆన్ చేసి పెట్టుకో, చేతులకి సబ్బున్నా నోరు ఖాళీయే కదా.

ప్రశ్న: మేడమ్, నేను సాఫ్ట్‌వేర్, గచ్చిబౌలి. మా లీడ్ వారానికోసారి అందర్నీ రూమ్‌లో కూర్చోబెట్టి ఐడియాలు చెప్పమంటాడు. నాకు ఒక్కటీ రాదు, బయటికొచ్చి టీ తాగుతుంటే మూడొస్తాయి. నేను ఈ ఫీల్డ్‌కి పనికిరానా?

జవాబు: మీటింగే పనికిరాదు బాబూ. 1958లో యేల్ యూనివర్సిటీలో లెక్కపెట్టి మరీ చూశారు, నలుగురు కలిసి కూర్చుని చెప్పినవాటికంటే, నలుగురు విడివిడిగా రాసినవి కలిపితే దాదాపు రెట్టింపు ఐడియాలు వచ్చాయి. ఒకళ్లు మాట్లాడుతుంటే మిగతావాళ్లు ఆగాలి, ఆగేలోపు మనది ఆవిరైపోతుంది, పైగా ఎదురుగా లీడ్ మొహం. ముందురోజే అందరూ విడిగా రాసుకొస్తే మీటింగ్‌లో ఏరుకోవచ్చని మీ లీడ్‌కి మెల్లగా చెప్పి చూడు. కసురుకుంటే ఆ టీ బండి ఉండనే ఉంది.

ప్రశ్న: అమ్మ అరవయ్యో పుట్టినరోజుకి ఓ కవిత రాయాలి. ఏదైనా రాయొచ్చు అనుకుంటే ఏదీ రావట్లేదు.

జవాబు: ఏదైనా అన్నావు కాబట్టే రావట్లేదు. అవధానాల్లో చూడు, నిషిద్ధాక్షరిలో పృచ్ఛకుడు అడుగడుగునా ఈ అక్షరం వద్దంటాడు, దత్తపదిలో సంబంధం లేని నాలుగు పదాలిచ్చి ఇవి పద్యంలో పెట్టమంటాడు, అవధాని ఆ ఇరుకులోంచే దారి తీస్తాడు. నీకూ నేనే పృచ్ఛకురాల్ని. పోపులపెట్టె, బస్ పాస్, కళ్లజోడు, తలుపు గొళ్లెం, ఈ నాలుగూ రావాలి. ప్రేమ, త్యాగం, దేవత, ఈ మూడూ నిషిద్ధం. రాశాక నాకూ పంపు.