మాకు అక్కరలేని ప్రసూతి కవరేజీకి మేమెందుకు కట్టాలి?

ప్రశ్న: మాది టెక్సాస్. గ్రీన్‌కార్డు ఉంది. నాకు 38, నా భార్యకు 35 ఏళ్లు. ఇద్దరు పిల్లలు. ఉద్యోగం మానేసి సొంతంగా కన్సల్టింగ్ మొదలుపెట్టాను. ఆఫీసు బీమా మార్చి 31తో ముగిసింది. మార్కెట్‌ప్లేస్‌లో (సొంతంగా బీమా కొనుక్కునేవారికి ప్రభుత్వం ఏర్పాటు చేసిన వేదిక) అన్నిటికన్నా చవకైన ప్లానుకే నెలకు 1,300 డాలర్లు అడుగుతున్నారు. ఒక ఏజెంటు 400 డాలర్లకే స్వల్పకాలిక పాలసీ ఇప్పిస్తానని, ఏటా రెన్యువల్ చేయిస్తానని అంటున్నాడు. దాని పత్రం జతచేశాను. మేము ఇక పిల్లలను కనం. ఇంట్లో ఎవరికీ వ్యసనాలు లేవు. నా భార్య థైరాయిడ్ మాత్రలు వాడుతోంది. ఇవన్నీ ప్రతి పాలసీలో ఉండి తీరాలని ప్రభుత్వం శాసించడం దేనికి? ఎవరికి కావలసింది వారు కొనుక్కోకూడదా?

జవాబు: మీ వాదనలో సగం నిజం ఉంది. ముందు అది ఒప్పుకుంటాను. 2010 నాటి అఫర్డబుల్ కేర్ యాక్ట్, 2014 నుంచి అమ్మే వ్యక్తిగత పాలసీలకు 10 రకాల సేవలను తప్పనిసరి చేసింది. ఆసుపత్రి చికిత్స, మందులు, పరీక్షలతో పాటు ప్రసూతి, మానసిక వైద్యం, వ్యసనాల చికిత్స అందులోవే. పెద్ద వయసు వారి ప్రీమియం యువకుల ప్రీమియానికి మూడు రెట్లు మించకూడదని కూడా హద్దు పెట్టింది. వైద్యం ఖర్చులో తేడా అంతకన్నా ఎక్కువే ఉంటుంది. అంటే ఆరోగ్యంగా ఉన్న వయసులోని వారు ఇతరుల భారం కొంత మోస్తున్న మాట వాస్తవం. పైగా ఈ పది సేవల జాబితా పెద్ద కంపెనీలు తమ ఉద్యోగులకిచ్చే బీమాకు వర్తించదు. సొంతంగా కొనుక్కునేవారి మీద, చిన్న సంస్థల మీదే పడుతుంది. మీ చిరాకు నాకు అర్థమవుతోంది.

అయితే ‘ఎవరికి కావలసింది వారు’ అన్న పద్ధతిని ఈ దేశం ఇంతకుముందే చూసింది. 2011లో ఆరోగ్యశాఖ లెక్క తీస్తే, వ్యక్తిగత పాలసీలున్నవారిలో 62 శాతం మందికి ప్రసూతి కవరేజీ లేదు. కావాలంటే విడిగా జోడించుకోవచ్చు కదా అంటారా? బిడ్డను కనబోయేవారు తప్ప దాన్ని ఎవరు కొంటారు? అందరూ క్లెయిము చేసేవారే అయినప్పుడు కంపెనీ కాన్పు ఖర్చంతా ప్రీమియంలోనే రాబట్టుకోవాలి. దాన్ని బీమా అనరు, కాన్పు బిల్లును వాయిదాల్లో కట్టడం అంటారు.

ఇంకో మాట, కాస్త చనువు తీసుకుని అడుగుతున్నాను. మీ పిల్లలిద్దరూ పుట్టినప్పుడు మీకు ఆఫీసు బీమా ఉండి ఉంటుంది. గర్భిణులకు మిగతా జబ్బులతో సమానంగా కవరేజీ ఇవ్వాలని యజమానులను 1978 నాటి చట్టం నిర్బంధిస్తోంది. ఆ రెండు కాన్పుల ఖర్చులో మీ ఆఫీసులోని బ్రహ్మచారులూ, రిటైర్మెంటుకు దగ్గరపడిన పెద్దలూ తలా కొంత మోశారు. వారెవరూ ‘మాకెందుకు’ అనలేదు, లేదా అన్నా చెల్లలేదు.

ఇక ఆ 400 డాలర్ల పత్రం. స్వల్పకాలిక పాలసీలకు ఈ చట్టం నియమాలు వర్తించవు. మొదటి పేజీలో పెద్ద అక్షరాలతో పది లక్షల డాలర్ల కవరేజీ అని ఉంది. 14వ పేజీకి వెళ్లండి. ఆసుపత్రి గదికి రోజుకు 1,000 డాలర్లు, శస్త్రచికిత్స చేసిన వైద్యుడికి మొత్తం 5,000. బయట కొనే మందులకు ఏమీ లేదు. ఆ కింద చిన్న అక్షరాల్లో, గత ఐదేళ్లలో లక్షణాలు కనిపించిన ఏ జబ్బుకూ చెల్లించరని రాశారు. వైద్యుడికి చూపించుకున్నా లేకపోయినా సరే, ‘వివేకం గల మనిషి చూపించుకునే’ లక్షణమైతే చాలట! మీ భార్య థైరాయిడ్ మాత్రలు వాడుతున్నారని మీరే రాశారు. నా ఖాతాదారు ఒకాయన ఇలాంటి పాలసీయే తీసుకున్నారు. మూత్రపిండంలో రాయికి చికిత్స జరిగాక కంపెనీ ఐదేళ్ల వైద్య పత్రాలు అడిగింది. మూడేళ్ల నాటి ఒక చీటీలో ‘నడుము పక్కన నొప్పి’ అని ఉంది. క్లెయిము తిరస్కరించారు.

కాబట్టి 1,300కూ 400కూ పోలిక పెట్టడమే కుదరదు, అవి ఒకే సరుకు ధరలు కావు. చట్టప్రకారం ఉన్న ప్లానులో తప్పనిసరి సేవలకు ఏడాదికి ఇంత, జీవితకాలానికి ఇంత అన్న పరిమితి లేదు. పాత జబ్బు సాకు చెల్లదు. నెట్‌వర్క్‌లో, అంటే ప్లానుతో ఒప్పందం ఉన్న వైద్యుల దగ్గర, ఆసుపత్రుల్లో చికిత్స చేయించుకుంటే 2026లో మీ కుటుంబం చేతి నుంచి పోయేది, ప్రీమియం కాక, 21,200 డాలర్లకు మించదు. పెద్ద మొత్తమే. కానీ అదొక అంకె. అంకె ఉంటే నేను దానికి తగ్గట్టు పొదుపు ప్రణాళిక వేయగలను. ఏజెంటు చెప్పే పాలసీలో కంపెనీ నష్టానికి హద్దు ఉంది, మీ నష్టానికి లేదు.

చట్టం రాసే అవకాశం నాకే వస్తే, పది సేవల జాబితా మీద బేరాలకు ఒప్పుకుంటానేమో. చెల్లింపులకు పరిమితి లేకపోవడం, పాత జబ్బు సాకు చెల్లకపోవడం, మీ చేతి ఖర్చుకు హద్దు ఉండటం, ఈ మూడింటి జోలికి మాత్రం ఎవరినీ రానివ్వను. చట్టం చేయలేని పని కూడా ఒకటుంది. మీ పిల్లల వైద్యుడు ఫలానా ప్లాను నెట్‌వర్క్‌లో ఉండాలని అది చెప్పదు. ప్లాను ఎంచుకునే ముందు ఆ క్లినిక్‌కు ఫోను చేసి అడగండి.

ఏజెంటు ‘ఏటా రెన్యువల్ చేయిస్తాను’ అన్నాడు కదా, ఆ మాట నమ్మకండి. స్వల్పకాలిక పాలసీల గడువును 2016లో మూడు నెలల లోపుకు కుదించారు, 2018లో 364 రోజులకు పెంచారు, 2024లో మళ్లీ నాలుగు నెలలకు దించారు. ప్రభుత్వం మారితే గడువు మారుతోంది. ఆ పాలసీ ముగిసిందన్న కారణంతో మార్కెట్‌ప్లేస్ తలుపు మీకు తెరుచుకోదు, నవంబరు 1 దాకా ఆగాలి.

ఉద్యోగ బీమా పోయినందుకు మాత్రం మీకు 60 రోజుల గడువుంది, అంటే మే 30 వరకు. బ్రాంజ్ ప్లాను (ప్రీమియం తక్కువ, చికిత్సప్పుడు చేతి ఖర్చు ఎక్కువ ఉండే రకం) తీసుకోండి. 2026 నుంచి మార్కెట్‌ప్లేస్ బ్రాంజ్ ప్లానులన్నిటితోనూ హెచ్‌ఎస్‌ఏ ఖాతా (వైద్య ఖర్చుల కోసం దాచుకునే పొదుపు ఖాతా) తెరవవచ్చు. కుటుంబానికి ఏడాదికి 8,750 డాలర్ల వరకు పన్ను లేకుండా దాచుకోవచ్చు, ఏడాది మధ్యలో చేరితే సాధారణంగా ఆ నెలల మేరకే. సొంత వ్యాపారం కాబట్టి ప్రీమియాన్ని కూడా లాభం మేరకు పన్ను లెక్కలో తగ్గించుకోవచ్చు. తొలి ఏడాది రాబడి తక్కువగా ఉండేటట్లయితే ప్రీమియంలో రాయితీ కూడా రావచ్చు. మీరు ఆదాయం రాయలేదు, అంచనా వేసి దరఖాస్తులో పెట్టండి.

ఏప్రిల్ నెల సంగతి: పాత ఆఫీసు పంపిన కోబ్రా (ఉద్యోగం మానేశాక సొంత డబ్బు కట్టి ఆఫీసు బీమానే కొనసాగించుకునే వీలు) ఉత్తరాన్ని పారేయకండి. దాన్ని ఎంచుకోవడానికి కూడా 60 రోజులుంటాయి, ఎంచుకుంటే పాత తేదీ నుంచే వర్తిస్తుంది. ఈ నెలలో ఎవరికైనా ఆసుపత్రి అవసరం పడితే అప్పుడు సంతకం చేసి డబ్బు కట్టవచ్చు, పడకపోతే వదిలేయవచ్చు. ఏప్రిల్ 30 లోపు బ్రాంజ్ ప్లాను ఎంచుకుని మొదటి ప్రీమియం కడితే మే 1 నుంచి మీ నలుగురికీ కార్డులు పనిచేస్తాయి.